నీలం పలకల దుకాణం

యుద్ధం గురించి నాకు తెలిసిందంతా నాచారంలో, మూతపడ్డ ఒక మందుల ఫ్యాక్టరీ వెనక బిల్డింగులో నేర్చుకున్నదే. కింద అట్టపెట్టెలు చేసేవాళ్లు, మధ్య అంతస్తు ఖాళీ, పైన మా కంపెనీ. బయటి దేశం వాళ్లు పెద్ద మెషిన్ల కోసం తయారుచేసిన ఒక మిలటరీ ఆటను, చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న మెషిన్‌లో నడిచేలా మార్చడం మా పని. జనం రైల్లో కూర్చుని, మంచం మీద పడుకుని, బాత్‌రూమ్‌లో తలుపేసుకుని హాయిగా తుపాకులు పేల్చుకోవద్దూ మరి! ఆ సౌకర్యం కోసం మేం రోజూ ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర షేరాటోలో ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని ఆఫీసుకు పోయేవాళ్లం.

బాపట్లలో మా అమ్మ, ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి కంప్యూటర్‌లో బొమ్మలేస్తుంది" అని చెప్పేది. వినడానికి బాగుంటుంది. నిజానికి నేను బొమ్మలు వేసేదాన్ని కాదు, తీసేసేదాన్ని. పెద్ద మెషిన్‌లో ఉన్నదంతా చిన్నదాంట్లో పట్టదు. పట్టినా కదలదు. నత్తనడక నడిచి, ఆగి, మళ్లీ గంతేస్తుంది. అందుకని ఏది ఉంచాలి, ఏది పీకెయ్యాలి అనే పంచాయితీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిచేది. బొమ్మల విభాగంలో ఆ కత్తెర నా చేతికిచ్చారు.

ఆటలో ఒక బజారు ఉంది. ఏదో ఎడారి దేశం, దానికి పేరుండదు. పేరు పెడితే ఆ దేశం వాళ్లు కేసు వేస్తారుగా. సిపాయి ఆ బజారులో దిగి శత్రువుల్ని వెతికి కాల్చుకుంటూ పోవాలి. పెద్ద ఆటలో ఆ బజారు నిండా మామూలు జనం ఉండేవాళ్లు. పండ్లమ్మేవాళ్లు, సంచులు మోసే ఆడవాళ్లు, మేకల్ని తోలే ముసలాయన. వాళ్లలో ఎవరికైనా గుండు తగిలితే ఆట అక్కడితో ఆగిపోతుంది, మళ్లీ మొదలుపెట్టాలి. అంత పాడు ఆటలోనూ నాకు నచ్చిన నియమం అదొక్కటే.

క్లయింటు పెట్టిన మొదటి షరతు, తుపాకుల జోలికి పోవద్దని. వాటి మీద ఒక్క గీత, ఒక్క మెరుపు తగ్గడానికి వీల్లేదు. తర్వాత సిపాయిల మొహాలు. ఆ తర్వాత శత్రువులు. మిగిలింది ఏదైనా మా ఇష్టం. మిగిలింది ఎవరు? ముందు మేకలు పోయాయి. తర్వాత పండ్ల బండ్లు. తర్వాత ఆడవాళ్లు. చివరికి ముసలాయన కూడా పోయాడు. మామూలు మనుషులే లేకపోయేసరికి వాళ్లను కాల్చకూడదన్న నియమాన్నీ పీకేశారు. "మంచిదే గదా చెల్లే, ఒక లాజిక్ తగ్గింది, గేమ్ జర లైట్ అయితది" అన్నాడు మా టీమ్ లీడ్. ఆయనది నల్లగొండ వైపు, మంచివాడే, మాకందరికీ అన్న. నేను కుర్చీలోంచి లేచి టీకి పోయాను. తిట్టాలనిపించినప్పుడల్లా టీకి పోవడం అప్పటికే నాకు అలవాటైంది.

ఆ తర్వాత గోడల గొడవ వచ్చింది. పెద్ద ఆటలో బజారు గోడలకు, తలుపులకు అంటించిన ఫొటోలన్నీ వేరే ఎవరి దగ్గరో వాడుకోవడానికి తీసుకున్నవట. ఆ ఒప్పందం చిన్న మెషిన్‌కు చెల్లదట. గోడలన్నిటికీ కొత్త ఫొటోలు కావాలి, అదీ వెంటనే. వీడియో కాల్‌లో క్లయింటు మనిషి కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతూ, "మీ ఊళ్లో ఇలాంటి గోడలు బోలెడు ఉంటాయి కదా, ఫోన్లతో తీసుకోండి" అన్నాడు. మా లీడ్ కూడా నవ్వి, "చాలా ఉన్నాయి సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇలాంటి గోడలు అంటే ఎలాంటివి? బాంబు పడాల్సినవా? అడుగుదామని నోరు తెరిచేలోపు కాల్ అయిపోయింది.

అతను చెప్పింది అబద్ధం అయితే అంత కోపం వచ్చేది కాదేమో. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ సందులన్నీ తిరిగి ఫోన్లతో తీసుకుంటూ పోయాం. పెచ్చులూడిన ప్రహరీలు, తుప్పుపట్టిన ఫ్యాక్టరీ గేట్లు, ఆసిడ్ మరకలు పడ్డ కాలవ గట్లు, గోతుల రోడ్లు. గోతుల కోసం ఉప్పల్‌లో వెతుక్కోవాల్సిన ఖర్మ ఎవరికీ పట్టదు. ఒకతను దమ్మాయిగూడ దాకా పోయి కొత్త కాలనీల పక్కన ఇటుక బట్టీ గోడ తీసుకొచ్చాడు. సాయంత్రానికి అందరి ఫొటోలూ ఒకచోట వేసి చూస్తే, ఎవరూ చెప్పక్కర్లేకుండానే శత్రువుల ఊరు తయారైపోయింది. దుమ్ము రంగు పూయాల్సిన పని కూడా పెద్దగా పడలేదు.

నేను అప్పుడు ఉప్పల్‌లో, వరంగల్ రోడ్డుకు ఆనుకున్న ఒక ఇంట్లో పై వాటా అద్దెకుండేదాన్ని. కింద వెనకవైపు ఓనరంకుల్, ఆంటీ ఉండేవాళ్లు. ముందు, రోడ్డు మీదికి, ఆయన దుకాణం. తాళ్ల దుకాణం. పగ్గాలు, మోకులు, మంచాలల్లే నవారు, చాటలు, జల్లెడలు అమ్మేవాడు. ఆయన తండ్రి జనగామ వైపు నుంచి వచ్చి పెట్టిన దుకాణమట, ఉప్పల్ ఇంకా పొలాల మధ్య ఉన్న రోజుల్లో. ఇప్పుడు ఆవులెక్కడివి, మోట బావులెక్కడివి? లారీల వాళ్లు సరుకు కట్టుకోవడానికి తాళ్లు కొనేవాళ్లు, పెయింటర్లు పరంజాకు కొనేవాళ్లు. అంతే బేరం. అయినా పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, దుకాణం తీసి కూర్చునేవాడు.

ఆ దుకాణానికి షట్టర్ లేదు. పాతకాలపు చెక్క పలకలు. పైనా కిందా గాడి ఉంటుంది, పలకల్ని ఒక్కొక్కటే అందులోకి దింపి పక్కకు జరుపుతూ పోతే తలుపు అవుతుంది. అన్నిటికీ నీలం రంగు. ఎండకు, వానకు ఒక్కో పలక ఒక్కోలా వెలిసింది. ఒక్కోదాని మీద నల్లరంగుతో అంకె. ఆ రోడ్డు మీద అన్నీ షట్టర్లూ అద్దాలూ అయిపోయాక, మెట్రో స్టేషన్ నుంచి నడిచివచ్చేవాళ్ల కళ్లు ఆ నీలం దగ్గర ఒక్క క్షణం ఆగేవి. నావి రోజూ ఆగేవి.

రోడ్డు వెడల్పు చేస్తారని చాలా కాలంగా చెప్పుకుంటున్నారు. ఒకరోజు ఎవరో వచ్చి గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి పోయారు. ఆ గీత సరిగ్గా దుకాణానికీ ఇంటికీ మధ్య పడింది. ఇల్లు మిగులుతుంది, దుకాణం మొత్తం పోతుంది. ఆంటీ ఆ గీతను తడిగుడ్డతో తుడిచి చూసింది. అది పోయే రంగు కాదు.

ఆ గీత పడ్డ కొద్దిరోజులకే నేను ఫోన్ పట్టుకుని దుకాణం ఎదురుగా నిలబడి ఫొటోలు తీస్తున్నాను. అంకుల్ బయటికి వచ్చాడు. మొహం గంభీరంగా ఉంది.

"ఏంది బిడ్డా, కొల్తలోళ్లు నిన్ను గూడ పంపిన్రా?"

కాదని చెప్పి, ఆట సంగతి చెప్పాను. యుద్ధం ఆట అని కూడా చెప్పాను, దాచలేదు. ఆయన యుద్ధం మాట పట్టించుకోలేదు. దుకాణం మాట పట్టుకున్నాడు.

"అండ్ల మా దుకాణం ఉంటదా?"

"ఉంటుంది అంకుల్. అచ్చం ఇలాగే కనిపించేట్టు చేస్తాను."

"ఇది పోయినంక గూడ ఉంటదా?"

ఆట ఉన్నంతకాలం ఉంటుందని చెప్పాను. ఆయన ఎర్ర గీత వైపు చూశాడు, నా ఫోన్ వైపు చూశాడు. "అయితే మంచిగ తియ్యి. ఫికర్ చేయకు, ఎంతసేపైనా సరే" అని ఎండలో గుమ్మం ముందున్న చాటలన్నీ తీసి లోపల పెట్టాడు. ఇంక ఆ తర్వాత ఏం జరిగినా నా మీద ఆయన పెట్టుకున్న ఆశ అదొక్కటే. దుకాణం ఎక్కడో ఒకచోట నిలబడి ఉండాలి.

ఆయనే పలకలన్నీ మూసి చూపించాడు, మళ్లీ తీసి చూపించాడు. అంకెలు వాళ్ల నాయిన రాసినవట. ఏ పలక చోటు దానిదే, వానాకాలం చెక్క ఉబ్బినప్పుడు వరస తప్పితే ఇరుక్కుంటుందట. దూరం నుంచి చూస్తే ఒకటే చెక్కలా ఉంటుంది కానీ కాదని నాకు గట్టిగా చెప్పాడు. "దేనికది వేరు బిడ్డా. మీ ఆటల ఒక్కటే చెక్క లెక్క చేసేరు, గట్ల చేస్తే అది మా దుకాణం గాదు." నేను సరేనన్నాను. చేతనైన పని దొరికితే మనిషికి ఎంత హుషారు వస్తుందో, ఆ మధ్యాహ్నం నాకంత హుషారు వచ్చింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. వీధంతా బాగా చెయ్యడానికి మెషిన్‌లో చోటు చాలదు. అందుకని ఒక్క ఇల్లు శ్రద్ధగా చేస్తాం, మిగతా వీధి నాలుగు గోడలనే తిప్పి తిప్పి పేరుస్తాం. చూసేవాడి కన్ను ఆ ఒక్క ఇంటి మీద పడి తృప్తి పడుతుంది, తక్కినవి పట్టించుకోదు. ఆ ఒక్క ఇల్లు అంకుల్ దుకాణం కావాలని పట్టుబట్టాను. పలకలు దేనికది వేరుగా చేశాను. వెలిసిన నీలం, అంకెల రంగు కారిన చోటు, గాడిలో మట్టి, అన్నీ. తెలుగు అక్షరాలు కనపడకూడదన్నారు కాబట్టి బోర్డు తీసేశాను, అంకెలు మాత్రం వదల్లేదు. లీడ్ నెత్తి కొట్టుకున్నాడు. "గిన్ని ముక్కలెందుకు? ఒక్క గోడ చేసి ఫొటో అతికిస్తె అయిపోయె" అన్నాడు. ఆటలో పక్క వీధిలో రెండు మిద్దెలు పీకేసి ఆ చోటు నాకిమ్మన్నాను. ఇచ్చాడు. నీలం రంగు ఎడారికి నప్పదని క్లయింటు అంటే కూడా పోట్లాడి నిలబెట్టాను. చివరికి వాళ్లకూ నచ్చింది. కన్ను నేరుగా అక్కడికే పోతోందని మెచ్చుకున్నారు.

నిజం దుకాణం ఎండాకాలం మొదట్లో పోయింది. ముందురోజే సరుకంతా అన్నోజిగూడలో ఉన్న అల్లుడి షెడ్డుకు పంపేశారు. జేసీబీ పొద్దున్నే వచ్చింది. నేను ఆఫీసుకు ఆలస్యమవుతుందని ఫోన్ చేసి మెట్ల మీద నిలబడ్డాను. అంకుల్ పలకలు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. చివరి అంకె నుంచి వెనక్కి ఒక్కొక్కటే పైకెత్తి, గాడిలోంచి తప్పించి, మోసుకొచ్చి మెట్ల కింద వరసగా నిలబెట్టాడు. జేసీబీ డ్రైవరు ఇంజన్ ఆపేసి బీడీ వెలిగించుకున్నాడు. పలకలన్నీ వచ్చేశాక ఇంజన్ మళ్లీ వేశాడు. ఆ తర్వాత టీ మరిగేంత సేపు కూడా పట్టలేదు.

ఆంటీ ఏడ్చింది. అంకుల్ ఏడవలేదు. "పోతే పోయింది తియ్. బిడ్డ దాంట్ల ఉన్నది గదా" అని ఆవిడతో అన్నాడు. ఆ మాట విని నాకు లోపల వెచ్చగా, గొప్పగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ అప్పుడు నిజంగా గొప్పగానే అనిపించింది.

దుకాణం లేని మనిషికి పొద్దు గడవదు. ఉతికిన చొక్కా వేసుకుని, మిగిలిన గోడ పక్కన కుర్చీ వేసుకుని, రోడ్డు వైపు కూర్చునేవాడు. వచ్చేపోయేవాళ్లకు ఆట సంగతి చెప్పేవాడు. "మా దుకాణం ఫారినోళ్ల గేమ్‌ల పెట్టిన్రు" అని. ఇస్త్రీ బండి అతను, "అయితె కిరాయి వస్తదా మామా?" అని ఆటపట్టించేవాడు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేను కనిపిస్తే మాత్రం, "ఎంతవరకొచ్చింది బిడ్డా?" అని అడిగేవాడు. అయిపోవస్తోంది అని చెప్పేదాన్ని.

నిజంగానే అయిపోవస్తున్న రోజుల్లో ఆ కాల్ వచ్చింది. పెద్ద ఆటలో బజారు చివర విమానం వచ్చి బాంబులేస్తే ఇళ్లు వరసగా కూలతాయి. చిన్న మెషిన్ దానికి తట్టుకోవడం లేదు. గోడ పగలాలంటే అది ముందే ముక్కలుగా చేసి ఉండాలి. ఒక్కటిగా చేసిన గోడ పగలదు, మాయమవుతుంది, అంతే. మా బజారులో అన్నీ ఒక్కటిగా చేసిన గోడలే. మళ్లీ ముక్కలుగా చెయ్యడానికి సమయం లేదు, మెషిన్‌లో చోటూ లేదు. అయితే బాంబు అనేది లేకుండా ఆట ఎలా ముగుస్తుంది? కాఫీ కప్పు మనిషి తెర మీద బజారును అటూ ఇటూ తిప్పి చూశాడు. చూస్తూ చూస్తూ అతని మొహం విప్పారింది.

"ఈ నీలం దుకాణం ఇప్పటికే ముక్కలుగా ఉందిగా! దీన్ని పేల్చండి."

నేను వద్దన్నాను. అది బాగా చేసింది, అందుకని నిలబడాలి అన్నాను. "బాగా చేసింది కాబట్టే" అన్నాడు అతను, మెచ్చుకుంటున్నట్టు. ఆటగాడి కన్ను ముందు నుంచీ దాని మీదే ఉంటుంది, అది పేలితేనే కదా గుండె ఝల్లుమనేది! నన్ను పొగుడుతున్నాననే అనుకున్నాడు పాపం.

కాల్ అయ్యాక లీడ్ దగ్గరికి పోయి, పలకలన్నీ కలిపి ఒక్క గోడ చేసేస్తానన్నాను. అప్పుడు అది పగలదు, ఇంకోటి చూసుకుంటారు.

"పిచ్చిలేసిందా? ఆళ్లకు అది నచ్చింది. ఇప్పుడు లేదంటె ప్రాజెక్టే వాపస్ తీస్కపోతరు."

అంకుల్ సంగతంతా చెప్పాను. గీత, పలకలు, ఆ కుర్చీ, అన్నీ. ఆయన విన్నాడు. ఎగతాళి చెయ్యలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. కిటికీలోంచి అట్టపెట్టెల లారీ వైపు చూసి, "చెల్లే, ఆయన దుకాణం ఎట్లైనా పాయె. మన దుకాణమన్న ఉండాలె గదా" అన్నాడు. ఆయన మన దుకాణమన్న ఆ కంపెనీ తర్వాతి ఏడాది మూతపడింది. దానికి నాకు కన్నీళ్లేమీ రాలేదు.

ఆ పేల్చే పని నేను చెయ్యనన్నాను. చెయ్యనంటే ఆగిందా? నా పక్క సీటతను మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తెరిచేలోపు పూర్తిచేశాడు. ఏ పలక ఎటు ఎగరాలి, ఏది నడిమికి విరగాలి, ఏది ఆటగాడి మొహం వైపు దూసుకురావాలి, అన్నీ పెట్టాడు. ఎంత బాగా చేశాడంటే చుట్టూ ఉన్నవాళ్లు లేచివచ్చి చప్పట్లు కొట్టారు. పలకలు అంత చక్కగా విడివిడిగా ఉండబట్టే ఇంత తొందరగా అయిందని నాకు థాంక్స్ చెప్పాడు. నేను టీకి పోయాను.

నాది తప్పని చాలామంది అన్నారు తర్వాత, ఈ కథ చెప్పినప్పుడు. ముందే ఊహించాల్సింది అన్నారు. నేనొప్పుకోను. యుద్ధం ఆటలో దుకాణం పెట్టినదాన్ని నేను అయితే, దాన్ని పేల్చినవాళ్లు వాళ్లు. పేల్చమన్నది కాఫీ కప్పు. ఈ రోజుల్లో తప్పంతా శ్రద్ధగా పనిచేసిన వాళ్ల నెత్తిన పెట్టడం సులువైపోయింది. అడ్డదిడ్డంగా చేసినవాడి గోడలు నిక్షేపంగా నిలబడే ఉన్నాయి ఆ ఆటలో.

ఆట బయటికి వచ్చింది. చిన్న మెషిన్‌లో ఇంత అందంగా పేలడం ఎప్పుడూ చూడలేదని ఆటల మీద రాసేవాళ్లు రాశారు. ఎవరో ఆ పేలుడును నెమ్మదిగా తిప్పి వీడియో పెడితే జనం విరగబడి చూశారు. నేను ఆ వీడియో సగంలో ఆపేశాను. అంకుల్‌కు మాత్రం రోజుకో అబద్ధం చెప్పాను. ఇంకా రాలేదని, మెషిన్ వేరేవాళ్ల దగ్గరుందని, చార్జర్ పాడైందని. ఆయన ఒక్కసారి కూడా రెట్టించలేదు. చివరికి ఆంటీయే పట్టుకుంది నన్ను, నీళ్ల మోటార్ దగ్గర. "రోజు అడుగుతున్నడు పాపం. జర సూపెట్టరాదు? గంత బిజీనా?" అంది. ఆవిడ గొంతులో కోపం కన్నా చిన్నబుచ్చుకోవడం ఎక్కువుంది. ఇంక దాటెయ్యలేకపోయాను.

ఆదివారం పొద్దున మెషిన్ పట్టుకుని కిందికి దిగాను. దారిలోనే ఒక ఉపాయం ఆలోచించుకున్నాను. బజారు మధ్య ఒక చేతిపంపు ఉంది. సిపాయి దాన్ని దాటితేనే విమానం వస్తుంది. దాటకపోతే రాదు. ఇవతలే నిలబడి, దుకాణం చూపించి, బ్యాటరీ అయిపోయిందని ఆపేస్తే సరిపోతుంది. ముందొచ్చే శత్రువులందరినీ పైన నా గదిలోనే కాల్చిపారేసి, వీధి ఖాళీ చేసి తీసుకొచ్చాను.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని పక్కన కూర్చున్నాడు. నేను మెల్లగా నడిపించాను. "అరె, గిది మన ఇస్త్రీ బండి ఎనక గోడ గాదూ?" అన్నాడు. అవునన్నాను. నాచారం ఫ్యాక్టరీ గేటునూ గుర్తుపట్టాడు. చిన్నపిల్లాడిలా సంబరపడుతున్నాడు. కాసేపటికి అనుమానం వచ్చింది.

"బజార్ల మంది లేరేంది?"

"పట్టలేదు అంకుల్. మెషిన్ చిన్నది."

"మరి గీ తుపాకి ఎవనిది?"

"మనదే. మనం సిపాయి అన్నట్టు."

"మన బజార్ల మనకు తుపాకెందుకే?" అని నవ్వాడు. అంతలో నేను మలుపు తిప్పాను. చేతిపంపుకు ఇవతల నిలబెట్టాను. ఎదురుగా నీలం పలకలు.

ఆయన నవ్వు ఆగిపోయింది. మెషిన్‌ను నా చేతుల్తో సహా దగ్గరికి లాక్కుని చూశాడు. అంకెలు వరసగా చదివాడు, వేలుతో అద్దం మీద చూపిస్తూ. "నాయిన రాసినట్టే రాసినవ్. గా రంగు కారింది గూడ పెట్టినవ్" అన్నాడు. దుకాణం కూలిననాడు ఏడవని మనిషి కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో కళ్లొత్తుకున్నాడు. నేను ఇక్కడే ఆపేస్తే బాగుండేది. ఆపేద్దామనే వేలు బటన్ మీద పెట్టాను.

"ఇటియ్యి బిడ్డా. లోపలికి పోత."

"లోపలేం లేదు అంకుల్. ముందు భాగమే చేశాం."

"గడప దాంక పోత. ఎట్ల నడిపిస్తరు దీన్ని, గిదేనా?"

తన దుకాణం గడప దాకా పోతానంటున్న మనిషిని ఏమని ఆపను? చేతిపంపు దాటొద్దన్నాను. ఎందుకన్నాడు. నేను చెప్పేలోపే, తాళ్లు చుట్టి చుట్టి మొద్దుబారిన ఆయన బొటనవేలు బటన్‌ను ముందుకు తోసింది. సిపాయి తుపాకి పట్టుకుని గోడకు తగులుతూ, తడబడుతూ నడిచాడు. చేతిపంపు దాటాడు.

విమానం వచ్చింది. పలకలు ఎగిరాయి, దేనికది వేరుగా. ఒకటి మా మొహాల వైపే వచ్చింది. అంకె కూడా కనిపించింది. వంటింట్లోంచి ఆంటీ "ఏందా సప్పుడు?" అని కేకేసింది. దుమ్ము తగ్గాక ఆ చోట ఏమీ లేదు, వెనక వీధి కనిపిస్తోంది. మెషిన్ మీద బంగారు రంగులో, గెలిచినట్టు అక్షరాలు పడ్డాయి.

ఆయన తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. "తప్పు బటన్ వత్తిన్నా బిడ్డా?" అన్నాడు.

"కాదు అంకుల్. మీరేం చెయ్యలేదు. అదంతే."

"మల్ల పెట్టు."

మళ్లీ పెట్టాను. దుకాణం మళ్లీ లేచి నిలబడింది. ఈసారి ఆయన ఎంతో జాగ్రత్తగా, గోడ వారగా, మెల్లగా పోయాడు. మళ్లీ విమానం వచ్చింది. ఆయన మూడోసారి పెట్టమనలేదు. మెషిన్‌ను నా ఒళ్లో పెట్టి, కళ్లద్దాలు మడిచి జేబులో వేసుకున్నాడు. దుకాణం కూలిన వైపు, రోడ్డు మీద పోయే బస్సుల వైపు తిరిగాడు.

"ఆళ్లంటే రోడ్డుకు అడ్డమని తీసిన్రు. ఈళ్లకేం అడ్డమొచ్చింది బిడ్డా?"

ఏ అడ్డమూ రాలేదు. దేనికది వేరుగా చెయ్యమని ఆయన చెప్పాడు, నేను చేశాను, అందుకని అది పగలడానికి వీలుగా ఉంది. అంతకు మించి కారణం లేదు. ఆ మాట ఆయన మొహం చూస్తూ చెప్పడం నా వల్ల కాలేదు. తెలియదు అంకుల్ అన్నాను.